సలహా అడగొద్దు, చేసిన పని చూపించండి

న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతం. పదహారేళ్ల జమాల్ వాలెస్‌కి బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. రాయడమంటే అంతకు మించిన పిచ్చి. ఆ రెండో సంగతి మాత్రం స్నేహితుల దగ్గర కూడా బయటపెట్టడు. ఒక రాత్రి స్నేహితులతో పందెం కాసి, ఎవరితోనూ కలవని ఒక ముసలాయన ఫ్లాట్‌లోకి దొంగచాటుగా దూరతాడు. ఆయన కంటబడగానే బ్యాగు అక్కడే వదిలేసి పారిపోతాడు. ఆ బ్యాగు తిరిగి చేతికొచ్చాక నోటుపుస్తకాలు తెరిచి చూస్తే పేజీ పేజీకీ దిద్దుబాట్లే. కొన్నిచోట్ల మెచ్చుకోలు, కొన్నిచోట్ల చీవాట్లు, కొన్నిచోట్ల సూటి ప్రశ్నలు. తను రాసిన ప్రతి మాటనీ ఒక పెద్దమనిషి పట్టించుకుని చదివాడు!

2000లో వచ్చిన ‘ఫైండింగ్ ఫారెస్టర్’ సినిమా ఇలా ఊపందుకుంటుంది. దర్శకుడు గస్ వాన్ శాంట్. అంతకు మూడేళ్ల ముందు ఆయన తీసిన ‘గుడ్ విల్ హంటింగ్’ గురించి జనం ఇప్పటికీ మాట్లాడుకుంటారు. ఈ సినిమాకి ఆ భాగ్యం దక్కలేదు. గురువు కోసం ఎదురుచూస్తున్న ప్రతి యువకుడూ, యువతీ దీన్ని వెతుక్కుని మరీ చూడాలి.

ఆ ముసలాయన పేరు విలియం ఫారెస్టర్. ఒకే ఒక్క నవల రాసి, దానికి పులిట్జర్ బహుమతి అందుకుని, ఆ తర్వాత లోకానికి తలుపులు మూసేసుకున్న రచయిత. ఆ పాత్రలో షాన్ కానరీ. జమాల్‌గా నటించిన రాబ్ బ్రౌన్‌కి అదే తొలి సినిమా. అంత పెద్ద నటుడి ఎదుట కొత్త కుర్రాడు తడబడకుండా నిలబడటం చూస్తుంటే, తెర మీది కథే తెర వెనకా జరిగిందేమో అనిపిస్తుంది.

ఖాళీ చేతులతో వెళ్లకండి

జమాల్ మళ్లీ ఆ తలుపు దగ్గరికి వెళ్తాడు. తన రాతలు ఇంకా చదవమని అడుగుతాడు. నా ఇంటి జోలికి నువ్వెందుకు రాకూడదో అయిదు వేల మాటల్లో రాసుకురా అని కసురుకుంటాడు ఫారెస్టర్. అది పొమ్మని చెప్పడమే. మనమైతే మనసు నొచ్చుకుని అటునుంచి అటే ఇంటికి వెళ్లిపోయేవాళ్లం. జమాల్ మాత్రం కూర్చుని రాసేస్తాడు. ఆ కాగితాలు తెచ్చి గుమ్మం దగ్గర పెడతాడు. తలుపు తెరుచుకున్నది ఆ పనికి.

మనలో చాలామంది పెద్దల దగ్గరికి ‘ఏం చేయమంటారు?’ అనే ప్రశ్నతో వెళ్తాం. దానికి ఎవరైనా నాలుగు మంచి మాటలు చెప్పి పంపించగలరు, అంతే. చేసిన పనిని ముందు పెడితే సంగతి వేరు. తప్పు ఎక్కడుందో వేలుపెట్టి చూపించడానికి వాళ్లకు వీలు దొరుకుతుంది. విమర్శ తీసుకోగల గుండె మీకుందని కూడా అప్పుడే తెలుస్తుంది.

అనుకరణతో మొదలు, సొంత గొంతుతో ముగింపు

ఒక సన్నివేశంలో టైప్‌రైటర్ ముందు కూర్చున్న జమాల్‌కి చేయి కదలదు. ఫారెస్టర్ తన పాత వ్యాసం ఒకటి తీసి ఇచ్చి, ముందు దీన్ని టైపు చెయ్యి, నీ మాటలు రావడం మొదలవగానే వాటినే కొట్టు అంటాడు. ఆలోచన తర్వాత, ముందు చేయి కదలాలి. కాసేపటికి కుర్రాడి వేళ్లకు ఊపు వస్తుంది, వాక్యం తనదవుతుంది. పలక మీద గురువు రాసిచ్చిన అక్షరాలు దిద్దిన చేయే ఒకనాడు సొంత దస్తూరీ తెచ్చుకుంటుంది కదా!

అయితే ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. ఆ ఇంట్లో రాసింది ఆ గడప దాటకూడదన్నది ఇద్దరి మధ్య ఒప్పందం. జమాల్ దాన్ని మీరి, అలా మొదలుపెట్టి రాసిన వ్యాసాన్ని తను చదివే బడిలో జరిగే పోటీకి ఇచ్చేస్తాడు. దాని శీర్షిక, మొదటి పేరా ఫారెస్టర్‌వి. అవి ఎప్పుడో అచ్చయిన రచనలోవి. దాంతో చౌర్యం చేశాడన్న నింద మీద పడుతుంది. అరువు తెచ్చుకున్నదేదో, సొంతమేదో తేల్చి చెప్పడం నేర్చుకునేవాడి మొదటి నిజాయతీ. ఆ పాఠం అతనికి కష్టంగానే అబ్బుతుంది. కానీ అంత నిందలోనూ గురువు పేరు చెప్పి తప్పించుకోడు. ఇచ్చిన మాట కోసం నోరు విప్పడు. అతని వ్యక్తిత్వం నాకు అక్కడే కనిపించింది.

పెద్దవాళ్ల వంతు

బడిలో క్రాఫర్డ్ అనే ప్రొఫెసర్ కూడా ఉన్నాడు. ఆయనకి సాహిత్యం కంఠతా వచ్చు. కానీ బ్రాంక్స్ నుంచి వచ్చిన నల్లజాతి కుర్రాడు ఇంత బాగా రాయగలడని నమ్మలేడు. పాండిత్యం ఉన్న ప్రతివాడూ గురువు కాలేడు. ఎదుటివాడి ఎదుగుదలను చూసి సంతోషించగలిగినవాడే గురువు.

ఇంట్లోంచి కదలాలంటేనే జంకే ఫారెస్టర్ చివరికి ఆ బడికి వస్తాడు. నిండు సభలో ఒక రచన చదువుతాడు. అది ఆయనదేననుకుని అందరూ మెచ్చుకున్నాక, రాసింది జమాల్ అని చెబుతాడు. నాలుగు గోడల మధ్య దిద్దడం సగం పని. అవసరమైనప్పుడు నలుగురిలో పక్కన నిలబడటం మిగతా సగం. శిష్యుణ్ని కాపాడటానికి వచ్చిన ఆ పెద్దాయన, ఏళ్ల తరబడి తనను కట్టేసిన భయం నుంచి తానూ బయటపడ్డాడు.

మీరు నేర్చుకునే దశలో ఉంటే ఈ వారమే ఒక పని పూర్తి చేయండి. వ్యాసమో, బొమ్మో, కంప్యూటర్ ప్రోగ్రామో, ఏదైనా సరే. దాన్ని మీకన్నా బాగా తెలిసిన ఒకరికి చూపించి, ఎక్కడ తేలిపోయిందో చెప్పమనండి. చెప్పింది సరిదిద్దుకుని మళ్లీ వెళ్లండి. మీరే ఆ తెలిసినవారైతే, మీ చేతికొచ్చిన పనిని చివరి పేజీ దాకా చదవండి. ‘బాగుంది’ అని తిరిగి ఇచ్చేయకండి. శ్రద్ధగా దిద్దిన ఒక్క పేజీ ఒక పిల్లవాడి దారి మార్చగలదు.