జీవన వేతనపు లెక్కను పరీక్షించు విధము

మిరప, ప్రత్తి కొను కొన్ని కంపెనీలు కోతకూలీలకు జీవన వేతనము ముట్టుచున్నదా యని రైతులను విచారించుచున్నవి. వారు చూపిన అంకెను చేవ్రాలు చేయుటకు పూర్వమే పరీక్షింపవలెను.

1957లో 15వ ఇండియన్ లేబరు కాన్ఫరెన్సు ఒక్కని సంపాదనపై ముగ్గురి గ్రాసము, పెద్దవానికి దినమునకు 2,700 కెలోరీలు, కుటుంబమునకు ఏటికి 72 గజముల గుడ్డ యని లెక్కకట్టెను. ఇంటి అద్దె, వంటచెరకు, దీపము వేరు. 1991లో సుప్రీముకోర్టు పిల్లల చదువు, వైద్యము, పెండ్లి, వార్ధక్యము మొదలగువానికి మొత్తములో నూటికి 25 పాళ్లు ఉండవలెననెను. ఇదియంతయు కనీస వేతనమే. జీవన వేతనమని చూపిన అంకె ఇంతకు తగ్గినచో మేము దానిని నమ్మము.

ధరలెచ్చటివో అడుగుడు. రిచర్డు యాంకరు, మార్తా యాంకరుల పద్ధతిలో పరిశోధకులు ఆ ప్రాంతపు సంతలోనే ధరలు విచారించి, కూలీల యిండ్లు స్వయముగా చూతురు. ఆకస్మిక వ్యయమునకును కొంత చేర్చుదురు. పట్టణపు లెక్క పల్లెకు, పాతయేటి లెక్క నేటికి చెల్లదు.

ఇందొక మెలిక గలదు. నెల వేతనమును ఏడాది పొడుగున పని యున్నట్లు భావించి కట్టుదురు. మిరపకోత కొన్ని నెలలే గదా! తక్కిన దినముల గ్రాసము రైతుపైననే పడవలెనా? కూలి పెంచుమన్న కంపెనీవారు క్వింటాలు ధరకు ఎంత చేర్చుదురో ఒడంబడికలోనే వ్రాయించుకొనుడు.