ఉదరాభ్యంగము, అజీర్ణము : సంహితల పదప్రయోగముపై ఒక విచారణ

కడుపు ఉబ్బినను, తిన్నది అరుగకున్నను, మలము బిగిసినను పొట్టపై గోరువెచ్చని ఆముదము రాచి పిసుకుట మన యిండ్లలో చిరకాలముగా నున్న అలవాటు. ఈ అలవాటునకు ‘ఉదరమర్దనము’ అను సంస్కృతనామము నొసగి, అజీర్ణమునకు ఇది ఆయుర్వేదోక్తమైన చికిత్స యని చెప్పువారును వ్రాయువారును కలరు. నేను వైద్యుడను కాను. వ్యాకరణము చదువుకొని, దానితోపాటు అష్టాంగహృదయ సూత్రస్థానమును గురుముఖమున విన్నవాడను. రోగికేమి చేయవలెనో చెప్పుట నా పని కాదు. సంహితలు ఏ పదముతో ఏమి చెప్పినవో చూపుటవరకే ఈ వ్యాసము పరిమితము. ఆ పరిమితిలోనే ఒక విషయము స్పష్టముగా తేలుచున్నది. సంహితలు అభ్యంగమును మలవిబంధమునందు విధించినవి, అజీర్ణమునందు నిషేధించినవి. ఒకే పొట్టకు సంబంధించిన ఈ రెంటిని కలిపివేయుటయే మన పొరపాటు.

ముందుగా పదములు. ‘అభ్యంగము’ అభి అను ఉపసర్గతో కూడిన అంజూ ధాతువునకు ఘఞ్ ప్రత్యయము చేరగా సిద్ధించినది. ఈ ధాతువునకు ధాతుపాఠము చెప్పిన అర్థములలో మ్రక్షణము, అనగా పూత, ఇచట గ్రాహ్యము. ‘మర్దనము’ మృద ధాతువునుండి వచ్చినది. దానికి క్షోదము, అనగా నలుపుట, అర్థము. ‘సంవాహనము’ మృదువుగా ఒత్తుట. సుశ్రుతుడు చికిత్సాస్థానము ఇరువదినాలుగవ అధ్యాయమున అభ్యంగమును, సంవాహనమును వేర్వేరుగా పేర్కొని వేర్వేరు ఫలములు చెప్పినాడు. తైలము శరీరమునకు పట్టించుట ఒకటి, చేతిబలముతో అవయవమును నలుపుట మరియొకటి. తెలుగున ‘అభ్యంగనము’ క్రమముగా తలంటు అను అర్థమునకు కుదించుకొనిపోయి, ఉగాదినాటి, దీపావళినాటి స్నానమునకే మిగిలినది. అందుచేత సంహితలోని ‘అభ్యంగ’ పదము ఎదురైనచోట అనువాదకులు ‘మర్దన’ అని వ్రాయుట సులభమైనది. చిక్కు అక్కడనే మొదలైనది.

వాగ్భటుడు దినచర్యలో నిత్యాభ్యంగమును విధించి, తలకు, చెవులకు, పాదములకు విశేషముగా చేయుమన్నాడు. ఉదరమును ప్రత్యేకించి పేర్కొనలేదు. వెంటనే వర్జ్యులను చెప్పినాడు: కఫగ్రస్తులు, శోధనము చేయించుకొన్నవారు, అజీర్ణము కలవారు. సుశ్రుతుడు ఇంకను కఠినముగా నున్నాడు. ఆమదోషమున అభ్యంగము కూడదన్నాడు. నవజ్వరము కలవాడు, అజీర్ణము కలవాడు ఎట్టి పరిస్థితిలోను అభ్యంగార్హులు కారన్నాడు. వమనవిరేచనాదులు జరిగినవారికి ఆనాడు అభ్యంగము చేసినచో అగ్నిమాంద్యాదులు కలుగునని చెప్పి, పై యిద్దరి విషయమున మాత్రము వ్యాధి కష్టసాధ్యమగుననియు, అసాధ్యము కూడ కావచ్చుననియు హెచ్చరించినాడు. నిషేధములలో ఈ తారతమ్యము గమనింపదగినది. పక్వము కాని ఆమము కోష్ఠమున నుండగా స్నేహము చేర్చుట అగ్నిని మరింత కప్పుటయే యగును.

ఈ నిషేధము నాకు పుస్తకమువలన బోధపడలేదు. పాఠశాలలో చదువుకొను దినములలో ఒక రాత్రి సహపాఠికి కడుపునొప్పి వచ్చినది. సంతర్పణ భోజనము చేసివచ్చిన రోజది. అజీర్ణమే యని అందరము నిశ్చయించితిమి. అభ్యంగశ్లోకములు కొత్తగా కంఠస్థము చేసిన ఉత్సాహమున నేను ఆముదము వెచ్చచేసి చాలసేపు అతని పొట్ట పిసికితిని. నొప్పి తగ్గకపోగా హెచ్చినది. తెల్లవారుజామున గురువుగారు వచ్చి నా చేయి పట్టి ఆపినారు. “ఆ వర్జ్యశ్లోకంలో ఆఖరి పదమేమిట్రా?” అని అడిగినారు. ‘అజీర్ణి’ శబ్దమని చెప్పుటకు నాకు నోరు రాలేదు. పట్టణమునకు తీసికొనిపోగా ఉండుకము వాచినదని శస్త్రచికిత్స చేసినారు. బ్రతికినాడు. అది అజీర్ణమే కాదని తరువాత తెలిసినది. కాని అజీర్ణమని నమ్మినవాడను అజీర్ణమునకు నిషిద్ధమైన దానినే చేసితిని. శ్లోకము వచ్చును, అర్థము రాలేదు. (సుశ్రుతుని ‘ఉండుకము’ పురీషధరాకళకు స్థానముగా చెప్పబడినది, నేటి తెలుగు వాడుకలోని ఉండుకముతో దానిని ఏకము చేయరాదు.)

ఇక విధి. చరకుడు సూత్రస్థానము ఏడవ అధ్యాయమున మలవేగమును ఆపుకొనుటవలన పక్వాశయశూల, శిరశ్శూల, పిక్కల నొప్పి, ఆధ్మానము కలుగునని చెప్పి, స్వేదము, అభ్యంగము, అవగాహము, వర్తి, బస్తి హితములన్నాడు. చికిత్సాస్థానమున త్రిమర్మీయాధ్యాయములో ఉదావర్తమునకును ఇదే దారి: మొదట తైలాభ్యక్తుని చేసి, స్వేదముతో దోషమును కరగించి, ఆపై వర్తి, నిరూహబస్తి, స్నేహము, విరేచనము, అనులోమనాన్నము. రెండుచోట్లను వ్యాధి పక్వాశయగతమైన వాతము. రెండుచోట్లను అభ్యంగము తరువాతి కర్మలకు దారి చేయునది; అది ఒక్కటే వ్యాధిని నివారించునని ఎచ్చటను చెప్పబడలేదు. ఆ పంక్తిలోనుండి అభ్యంగమును మాత్రము ఊడదీసి స్వతంత్రచికిత్సగా చూపుట గ్రంథమునకు అన్యాయము.

ఇచట పూర్వపక్షి యొకటి అడుగవచ్చును. అజీర్ణము ఆమము, విదగ్ధము, విష్టబ్ధము, రసశేషము అని నాలుగు విధములు గదా, వాతజమైన విష్టబ్ధమున ఉదరాభ్యంగమునకు అవకాశము లేదా? ప్రశ్న సమంజసమే. సమాధానము సుశ్రుతునియందే కలదు. ఆమమునకు లంఘనము, విదగ్ధమునకు వమనము, రసశేషమునకు శయనము చెప్పినట్లే విష్టబ్ధమునకు స్వేదనము చెప్పినాడు. స్వేదనమనగా వేడిమి, అందు తైలము లేదు, నలుపుట లేదు. ఇంగువను నీటితో నూరి బొడ్డు చుట్టును పట్టు వేయుట, వెచ్చని గుడ్డతో కాచుట వంటి మన పెద్దల ఉపచారములు ఈ వాక్యమునకు దగ్గరగా నున్నవి. పిసుకుట దూరముగా నున్నది.

నాభి మర్మమను విషయమును మరువరాదు. సుశ్రుతుని శారీరస్థానమున నాభి పక్వామాశయముల నడుమనున్న సద్యఃప్రాణహర మర్మముగా చెప్పబడినది. బస్తియు అట్టిదే. బొడ్డు జారినదని గుప్పిట బిగించి నాభిపై అదుముట ఈ దృష్టితో చూచిన సాహసమే. అనువాసనబస్తి ఇచ్చిన పిమ్మట రోగిని వెల్లకిల పరుండబెట్టి అరికాళ్ళను, పిరుదులను మెల్లగా తట్టవలెనని సుశ్రుతుడు చెప్పినాడు. బస్తిద్రవము ఉదరముననే యుండగా చేయి వేయుమన్నది మాత్రము ఉదరముపై కాదు. ఇది నాకు ఎంతయు ఆలోచనీయముగా తోచినది.

ఆధునికుల పరిశీలనయు చూడవలెను. నేటివారు పొట్టపై చేతిని కుడివైపు క్రిందినుండి పైకి, అడ్డముగా ఎడమకు, అటనుండి క్రిందికి నడపుదురు. అది పెద్దప్రేగు మార్గము. బస్తి ఇచ్చునపుడు రోగిని ఎడమ ప్రక్కకు పరుండబెట్టుటకు గ్రహణీగుదములు ఎడమనుండుటను చరకుడు హేతువుగా చెప్పినాడు గాని, దానినుండి ఈ హస్తగతిని ప్రాచీనులెరుగుదురని సాధింపబూనుట అతిశయోక్తి. 2009లో ప్రకటితమైనదియు, స్వీడన్ దేశమున మలబద్ధము కల 60 మందిపై 8 వారములు జరిగిన పరీక్షలో ఉదరమర్దనమువలన మలప్రవృత్తి పెరిగినది, బాధలు తగ్గినవి. విరేచనౌషధముల వాడుక మాత్రము తగ్గలేదు. 2018లో ప్రకటితమైన బ్రిటన్ పరీక్ష నాడీవ్యాధివలన మలబద్ధము కలిగినవారిపై జరిగినది. అందు ప్రధానఫలమున చెప్పుకోదగిన భేదము కనబడలేదు. ఈ రెండు పరీక్షలకును విషయము మలవిబంధమే, అజీర్ణము కాదు. మొదటి పరీక్షలో మర్దనము ఔషధమునకు తోడుగానే నిలిచినది, దాని స్థానమును పొందలేదు. అభ్యంగమును వర్తిబస్తులకు ముందు నిలిపిన చరకుని క్రమము ఇచట గుర్తుకు రాకమానదు.

నాభికే నేరుగా అభ్యంగము విధించిన స్థలమొకటి కలదు. చరకుని శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయమున, నాభినాళమును సరిగా కోయకపోవుటవలన శిశువునకు కలుగు నాభివికారములకు వాతపిత్తశమనములును అవిదాహులును అగు ద్రవ్యములతో అభ్యంగము, ఉత్సాదనము, పరిషేకము చెప్పబడినవి. ఇందు ‘ఉత్సాదన’ శబ్దమునకు రుద్దుట యను రూఢార్థమును పసికందు నాభికి ఎట్లు అన్వయింపవలెనో నాకు ఇంకను తృప్తికరముగా కుదరలేదు. చరకమును పాఠము చెప్పు విద్వాంసులు దీనిపై తమ అభిప్రాయమును ఈ పత్రికలోనే తెలుపుదురుగాక.