నిలకడ – కదలిక

భద్రాచలం దగ్గర ఒక పల్లె. ఊరికీ అడవికీ మధ్య వాగు ఉంది. నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. అత్తా కోడళ్లు కట్టెల మోపులతో దాటుతున్నారు.

కోడలికి భయం వేసింది. కాళ్లు బాగా ఎడం చేసి బిగదీసుకుని నిలబడింది. కాలి కింద రాయి కదిలింది. కాలు తీయలేక తూలింది. మోపు నీళ్లలో పడింది.

అత్త చెయ్యి పట్టుకుంది. "కాళ్లు దగ్గర పెడితే తూలతావు. మరీ ఎడం చేస్తే అడుగు లేవదు. ఏ రాయి కదులుద్దో మనకు తెలవదు. కాళ్లు కొంచెం ఎడం పెట్టు. మోకాళ్లు కొంచెం వంచు. కర్రతో చూసి అడుగు వెయ్యి" అంది.

"కబడ్డీ ఆడే పిల్లలు అట్లనే నిలబడతారు గదా అత్తా!"

"అవును. కూతకొచ్చిన పిల్ల ఎటు దూకుద్దో తెలవదు. అందుకే అట్లా. గోదారి పెరిగినప్పుడు ఇల్లు కూడా అట్లనే ఉండాలి."

భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అడుగులకు రెండవది. 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది.

మొదటి హెచ్చరిక వినగానే కంగారు పడవద్దు. ఊరికే కూర్చోవద్దు. బియ్యం, మందులు, రేషన్ కార్డు మూట కట్టి ఉంచాలి. పశువుల తాళ్లు విప్పడానికి వీలుగా ఉంచాలి. కదలమని చెప్పగానే కదలాలి.

పొంగిన వాగును మాత్రం దాటవద్దు. ఆ జోరుకు ఎవరి కాలూ నిలవదు.

ఆలోచించండి:
1. కోడలు ఎందుకు తూలింది?
2. మీ ఇంట్లో మూటలో ఏమేమి కట్టుకుంటారు? రాయండి.