వేలంలో బండి: పాట పాడే ముందు

ఈఎంఐలు ఆగిపోయిన బండ్లను బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు సీజ్ చేసి ఆన్‌లైన్‌లో వేలం వేస్తాయని ఇప్పుడు చాలామందికి తెలుసు. మూడేళ్ల స్ప్లెండర్ ముప్పై రెండు వేలకే పోయిందట అన్న మాట పని దగ్గర ఒకసారి వినపడితే చాలు, సాయంత్రానికల్లా నలుగురు ఫోన్లో యాప్ దించుకుంటారు. అందులో తప్పు లేదు. నెలకు పదిహేను, ఇరవై వేలతో ఇల్లు నడిపే మనిషికి షోరూం బండి మోయలేని బరువే. అయితే వేలం బండి ఎవరికి పనికొస్తుందన్నది ధర చూస్తే తేలదు. బండి లేకుండా మీరు ఎన్నాళ్లు నెట్టుకురాగలరో చూస్తే తేలుతుంది. వచ్చే సోమవారం నుంచి డెలివరీ పనిలో చేరాలి, బండి ఉంటేనే ఉద్యోగం అన్నవాళ్లు ఈ వేలాల జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. చేతిలో ఏదో ఒక బండి ఉండి, రెండు మూడు నెలలు ఆగగలిగి, నమ్మకమైన మెకానిక్ తోడున్నవాళ్లు తప్పకుండా ప్రయత్నించవచ్చు.

ఈ ఆగడం ఎక్కడ వస్తుందంటే, ముందు పాన్, ఆధార్ ఇచ్చి, డిపాజిట్ కట్టి పాటలో చేరతారు. పాట మీ దగ్గర ఆగినంత మాత్రాన బండి మీది అయిపోదు. చాలా వేలాల్లో బ్యాంకు ఆమోదిస్తేనే అమ్మకం ఖాయమవుతుంది. ధర చాలలేదనుకుంటే వాళ్లు కాదనవచ్చు, ఆ మాట చెప్పడానికి రోజులు తీసుకోవచ్చు. ఆమోదం వచ్చాక మాత్రం గడువు మీ మీద పడుతుంది. చెప్పిన తేదీలోగా మొత్తం కట్టకపోతే డిపాజిట్ పోతుంది. డబ్బు కట్టి రిలీజ్ లెటర్ తీసుకుని, బండ్లు ఉంచిన యార్డుకు వెళ్లాలి. ఆలస్యమైతే పార్కింగ్ ఛార్జీ మీ మీదే పడే వేలాలు ఉన్నాయి. ఈ షరతులన్నీ ప్రతి వేలానికీ రాసి ఉంటాయి. చిన్న అక్షరాల్లో ఉన్నాయని వదిలేయకుండా, ఇంట్లో చదువుకుంటున్న పిల్లల చేతనైనా చదివించుకోండి.

అసలు ఆలస్యమంతా కాగితాల దగ్గరే. ఆర్సీ పాత యజమాని పేరున ఉంటుంది. బండి పోగొట్టుకున్న మనిషి పిలిచి సంతకం పెట్టి ఆర్సీ చేతికి ఇవ్వడు కదా. అలాంటప్పుడు ఫైనాన్స్ కంపెనీ ఫారం 36తో ఆర్టీఏకు దరఖాస్తు పెట్టుకుని, కొత్త ఆర్సీని తన పేరున తీసుకోవడానికి మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ వీలిస్తుంది. దానికి ముందు రవాణా అధికారులు పాత యజమానికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఇదంతా అయ్యాకే బండి మీ పేరుకు మారుతుంది. కనుక పాట పాడే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఇంజిన్ గురించి కాదు. ఆర్సీ ఇప్పుడు ఎవరి పేరున ఉంది, చేతిలో ఉందా, పేరు మార్పిడికి ఫారం 29, 30 సంతకాలతో ఇస్తారా, ఆర్సీ మీద ఉన్న లోన్ పేరు (హెచ్‌పీ) కట్ చేయడానికి ఫారం 35, ఎన్‌వోసీ ఎన్ని రోజుల్లో ఇస్తారు? ఈ జవాబులు ఫోన్లో నోటిమాటగా కాదు, మెయిల్లోనో మెసేజ్‌లోనో రావాలి. ‘పేపర్లు తర్వాత వస్తాయి సార్’ అన్న మాట మీద డబ్బు కట్టకండి.

బండి నంబరు దొరగ్గానే రవాణా శాఖ వెబ్‌సైటులో ఆ ఆర్సీ వివరాలు, ఈ-చలాన్ సైటులో బాకీలు చూసుకోవాలి. చలాన్లు బండి నంబరు మీద పడతాయి గనుక పాత యజమాని వదిలేసినవి మీ నెత్తిన పడతాయి. 2022 మార్చిలోనూ, 2023 డిసెంబరు చివర్లోనూ తెలంగాణలో ద్విచక్ర వాహనాల పాత చలాన్ల మీద పెద్ద రాయితీలు ఇచ్చారు. అప్పటి నుంచి మళ్లీ తగ్గిస్తారులే అని కట్టకుండా పేర్చుకుంటున్నవాళ్లు ఉన్నారు.

రాష్ట్రం సంగతి కూడా చూడాలి. గద్వాలలో ఉండేవాళ్లకు కర్నూలు యార్డు దగ్గరే. కానీ ఏపీ నంబరు బండిని తెలంగాణలో స్థిరంగా వాడాలంటే అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి, నంబరు మార్చుకోవాలి. వేలంలో మిగిలిందనుకున్న డబ్బు ఆ లైఫ్ టాక్స్‌కే పోవచ్చు. పక్క రాష్ట్రపు బండి నిజంగా కారుచౌకగా వస్తే తప్ప సొంత రాష్ట్రపు బండే చూసుకోవడం మేలు. పదిహేనేళ్లకు దగ్గరపడ్డ బండ్లను కూడా వదిలేయండి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్‌లో ద్విచక్ర వాహనాలకు 300 రూపాయల నుంచి వెయ్యికి పెంచారు. ఫిట్‌నెస్, గ్రీన్ టాక్స్ ఖర్చులు దానికి అదనం.

ఇక యార్డు. ఫొటోలు చూసి పాట పాడకూడదు. ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న షరతు మీదే అమ్ముతారు కాబట్టి తర్వాత ఏ లోపం బయటపడినా అడిగే హక్కు ఉండదు. సగం పూట కూలి ఇచ్చయినా మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఊరి బయట రేకుల కంచె లోపల బండ్లు ఒకదానికొకటి ఆనించి వరసగా ఉంటాయి, హ్యాండిల్ తిప్పడానికి కూడా చోటు ఉండదు. కాపలా మనిషిని మంచిగా అడిగి మీ బండిని వరసలోంచి బయటికి లాగించుకోండి. నడిపి చూడటానికి సాధారణంగా ఒప్పుకోరు. కొన్నింటికి తాళాలే ఉండవు. అయినా కదలని బండి కూడా చాలా సంగతులు చెబుతుంది.

మొదట హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ మీద చెక్కిన ఛాసిస్ నంబరు చూడండి. గుడ్డతో తుడిచి ఒక్కో అంకెనూ ఆర్సీతో పోల్చండి. అక్కడ కొత్త పెయింటు గానీ, అరగదీసిన గీతలు గానీ కనిపిస్తే ఇంకేం చూడనక్కర్లేదు, వచ్చేయండి. ఇంజిన్ నంబరుదీ అదే లెక్క. తర్వాత బండి ముందు నిలబడి ముందు చక్రం, హ్యాండిల్ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పితే ఫోర్కు ఆగే చోట ఫ్రేముకు చిన్న స్టాపర్లు ఉంటాయి. అవి నొక్కుకుపోయినా, విరిగినా ఆ బండి గట్టిగా గుద్దుకుందని అర్థం. డూమ్ మార్చవచ్చు, ట్యాంకుకు రంగు వేయవచ్చు, ఆ స్టాపర్లను సరిచేయాలని మాత్రం ఎవరికీ తోచదు.

మీటరు రీడింగును నమ్మకండి. కాళ్లు పెట్టే రబ్బర్లు, బ్రేక్ పెడల్, హ్యాండిల్ గ్రిప్పులు ఎంత అరిగాయో చూడండి. పద్దెనిమిది వేల కిలోమీటర్లు చూపించే బండికి గేరు లీవరు రబ్బరు నున్నగా అరిగిపోయి, స్ప్రాకెట్ పళ్లు సూదుల్లా మొనదేలి ఉంటే ఆ మీటరు అబద్ధం చెబుతోంది. న్యూట్రల్‌లో కిక్కు కొట్టినప్పుడు కాలికి ఎదురు తగలాలి. మెత్తగా దిగిపోతే బోర్ పని ఉండవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో ఎక్కువ భాగం ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉంటే వీటిలో చాలావరకు స్టార్ట్ కావు. స్టార్ట్ కాలేదన్న ఒక్క కారణంతో ఇంజిన్ పాడైందని తేల్చకండి, అలాగని స్టార్ట్ కాని బండిని బ్యాటరీదేలే అని సమాధానపడి కొనకండి.

నీళ్లలో మునిగిన బండిని పట్టుకోవడం ముఖ్యం. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ వైపు ఎన్ని బండ్లు మునిగాయో మనం చూశాం. ఆర్సీలో ఆ ప్రాంతాల చిరునామా ఉంటే మరీ జాగ్రత్తగా ఉండాలి. సీటు ఎత్తి ఫ్యూజ్ పెట్టె మూలల్లో ఎండిన ఒండ్రు ఉందేమో, వైరు కనెక్టర్లలో పచ్చటి చిలుము పట్టిందేమో చూడండి. ఆయిల్ గేజీ తీస్తే ఆయిల్ పాల టీ రంగులో ఉంటే లోపల నీళ్లు కలిశాయి. నెలల తరబడి ఎండలో, వానలో నిలబడ్డ బండికి ఇంకో బాధ కూడా ఉంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, ట్యాంకు లోపల తుప్పు మొదలవుతుంది. సెల్ టార్చి వేసి ట్యాంకులోకి తొంగి చూడండి. ఎలుకలు కొరికిన వైరింగు కూడా యార్డు బండ్లలో ఉంటుంది.

ఇప్పుడు లెక్క. ఉప్పల్ వైపు పనిచేసే ఎలక్ట్రీషియన్ ఒకరు 32,000కి పాట గెలిచారనుకుందాం. వేలం ఫీజు మూడు వేలు, ట్రాలీ ఆటో పదిహేను వందలు. బ్యాటరీ 1,300, రెండు టైర్లు 3,500, చైన్ స్ప్రాకెట్ 1,300, ఆయిల్, బ్రేక్ షూలు, చిల్లర పని 1,200. ఇన్సూరెన్స్ 1,200, పేరు మార్పిడి ఖర్చులు రెండు వేలు, పాత చలాన్లు పదిహేను వందలు. మొత్తం 48,500. ఇవి నా అంచనా అంకెలు, మీ ఊరి ధరలు వేసుకోండి. అదే మోడల్‌ను పక్క వీధిలో తెలిసినాయన ఆర్సీతో సహా 52,000కి ఇస్తానంటే, నడిపి చూసి, రేపే పనికి తీసుకెళ్లవచ్చు. మూడున్నర వేల తేడా కోసం రెండు నెలలు ఆగి, తెలియని ఇంజిన్‌ను నెత్తికెత్తుకోవడం నాకు సబబుగా తోచదు. ఆ తేడా పది, పన్నెండు వేలు దాటితేనే వేలం వైపు చూడాలి. అంటే ఈ ఎలక్ట్రీషియన్ పాట 25,000 దగ్గర ఆగిపోవాలి. ఆ అంకెను ముందే కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. చివరి నిమిషంలో ఐదు వందలు, ఐదు వందలుగా ధర ఎక్కుతున్నప్పుడు చెయ్యి ఆగదు.

డబ్బు ఎక్కడి నుంచి తెస్తున్నారన్నదీ చూసుకోవాలి. ఆర్సీ మీ పేరున లేని బండికి బ్యాంకు లోన్ దొరకడం కష్టం. నూటికి మూడు రూపాయల వడ్డీకి 48 వేలు తెస్తే నెలకు 1,440 వడ్డీయే అవుతుంది, మిగిలిందనుకున్నది మూడో నెలకే హరించుకుపోతుంది. మైలేజీ కూడా అలాంటిదే. రోజుకు 80 కిలోమీటర్ల చొప్పున నెలకు 26 రోజులు తిరిగేవాళ్లకు లీటరుకు 60 ఇచ్చే బండికీ, అరిగిపోయి 45 ఇచ్చే బండికీ నెలకు పదకొండున్నర లీటర్ల తేడా వస్తుంది. లీటరు 107 రూపాయల చొప్పున చూస్తే పన్నెండు వందల పైమాటే.

ఇన్సూరెన్స్ లేకుండా బండిని యార్డు గేటు దాటనివ్వకండి. 2018 సెప్టెంబరు 1 నుంచి అమ్మిన కొత్త బండ్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి చేశారు గనుక, రెండు మూడేళ్ల బండికి అది ఇంకా చెల్లుతూ ఉండవచ్చు. కొన్న 14 రోజుల్లోగా పేరు మార్చమని ఆ ఇన్సూరెన్స్ కంపెనీకి రాయాలి. పాలసీ లేకుండా పట్టుబడితే మొదటిసారి రెండు వేల జరిమానా పడుతుంది. అంతకంటే, ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ నష్టపరిహారం మీ జీవితాంతపు సంపాదన మింగేయవచ్చు.

పోలీసుల దగ్గర ఎవరూ తీసుకెళ్లక మిగిలిపోయిన బండ్లను అమ్మే ప్రభుత్వ వేలాలు వేరు. అక్కడ ఫారం 32తో 30 రోజుల్లోగా పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టుకోవాలి. అయితే కొన్ని లాట్లను తుక్కు కింద మాత్రమే అమ్ముతారు, వాటికి రిజిస్ట్రేషన్ రాదు. నోటీసులో ఆ మాట ఉందేమో చూసుకోండి. ఇక ‘బ్యాంకు సీజ్ బండ్లు పదిహేను వేలకే, ముందు రెండు వేలు పంపండి’ అని రీల్స్‌లో కనిపించేవి, బదిలీ అయిన జవాను బండి అంటూ క్యూఆర్ కోడ్ పంపేవి మోసాలు. యార్డుకు రమ్మనని, బండి చూపించని అమ్మకందారుకు ఒక్క రూపాయి పంపవద్దు. పొరపాటున డబ్బు పోతే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

కొత్తగా బండి వస్తే పాతది ఎవరికో ఇచ్చేస్తాం. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, తెలిసిన కుర్రాడే కదా అని తాళాలు ఇచ్చేస్తున్నారు. బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగిన రోజున రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని, పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో చెప్పింది. కనుక కొన్నవాళ్లను వెంటబెట్టుకుని స్లాట్ బుక్ చేయించి, ఆన్‌లైన్‌లో ఆర్సీ వాళ్ల పేరుకు మారినట్టు కనిపించాకే మిగతా డబ్బు లెక్క తేల్చుకుని తాళాలు ఇవ్వండి.