పాత కంప్యూటరునకు చల్లదనము: గాలియా? నీరా?

తలిదండ్రులకు విజ్ఞప్తి.

షోలాపురమున వేసవి యెట్టిదో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. ఏప్రిలు, మే మాసములలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట సామాన్యము. ఆ దినములలోనే మన యిండ్లలోని పాత కంప్యూటర్లు మొరాయించుచుండును. పని నడుమ తటాలున ఆరిపోవుట, లోపలి ఫ్యాను హోరున మ్రోగుట, అక్షరము నొక్కిన కొంతసేపటికి గాని తెరపై కనబడకుండుట మున్నగు ఫిర్యాదులను మేము తరచుగా వినుచున్నాము. “ఇది పాతబడినది, క్రొత్తది కొనుడు” అని అంగడివారు చెప్పుదురు. “నీటితో చల్లార్చు పరికరము పెట్టించిన చాలును” అని పెద్ద తరగతుల పిల్లలు పట్టుపట్టుదురు. వీటిలో దేనికి తలయొగ్గినను మరమగ్గముపై ఆర్జించిన సొమ్మే వ్యయమగును. కావున సంచి విప్పుటకు ముందు తలిదండ్రులు ఈ విషయమును కొంత తెలిసికొనుట మేలని తలంచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. వేడి యెక్కడనుండి వచ్చుచున్నది?

కంప్యూటరు గ్రహించు విద్యుచ్ఛక్తి దాదాపు అంతయు తుదకు వేడిగా మారును. అందు ముఖ్యభాగము ప్రాసెసరు అను చిన్న పలకనుండి పుట్టును. 2004లో వచ్చిన పెంటియం 4 రకములలో కొన్నింటికి తయారీదారులు చెప్పిన లెక్క 115 వాట్లు. 2008 నాటి కోర్ 2 డ్యుయో ఇ8400 రకమునకు 65 వాట్లు. 2011 నాటి కోర్ ఐ5-2400 రకమునకు 95 వాట్లు. పూర్వము మన యిండ్లలో వెలిగిన 100 వాట్ల తీగ బల్బును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఇంచుమించు అంత వేడి తపాలా బిళ్ళకంటె చిన్నదైన సిలికాను పలకనుండి వెలువడుచున్నదన్నమాట.

ఈ వేడి మొదట ఉష్ణవహనముచేత పైనున్న లోహపు రెక్కల దిమ్మకు చేరును. అక్కడనుండి ఫ్యాను విసరు గాలి దానిని కొనిపోవును. ఈ దారిలో ఎచ్చట అడ్డు కలిగినను ప్రాసెసరు వేడెక్కి, తన్ను తాను కాపాడుకొనుటకై మొదట వేగమును తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనిచో యంత్రమును ఆర్పివేయును. పైని చెప్పిన ఫిర్యాదులలో చాలవాటికి మూలమిదియే. యంత్రము ముసలిదగుట వేరు, దానికి ఊపిరాడకుండుట వేరు.

2. మొదటి చికిత్స: శుభ్రత

మన పేటలలో మగ్గములకు సమీపముననే కాపురములు. గాలిలో తేలు నూలు నూగు ఫ్యానుచేత లోనికి లాగబడి, లోహపు రెక్కల నడుమ దుప్పటివలె పేరుకొనును. అట్టి దుప్పటి క్రింద ఎంత మంచి ఫ్యానును బిగించినను ప్రయోజనము లేదు.

మొదట ప్లగ్గును గోడనుండి తీసివేసి, కొంతసేపు ఆగి, ప్రక్కరేకు విప్పవలెను. మెత్తని కుంచెతో నూగును తీయవలెను. గాలి ఊదునపుడు ఫ్యాను రెక్క తిరుగకుండ వ్రేలితో పట్టుకొనవలెను. విద్యుత్తును అందించు పవర్ సప్లై పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపకూడ అందలి కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. ఈ మాటను పిల్లలకు మరల మరల చెప్పుడు.

ప్రాసెసరునకును లోహపు దిమ్మకును నడుమ ఉష్ణమును చేరవేయు పేస్టు ఉండును. అది ఏండ్లు గడచినకొలది ఎండిపోవును. పాతదానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, బఠాణీ గింజ ప్రమాణమున క్రొత్తది పెట్టి దిమ్మను సమముగా బిగించవలెను. ఎక్కువ పూసినంత మాత్రమున ఎక్కువ చల్లబడదు.

3. రెండవ చికిత్స: ఫ్యాన్లు

పాత పెట్టెలలో తరచుగా వెనుక నొక ఫ్యాను మాత్రమే యుండును. ముందువైపు తావు ఖాళీగా నుండును. ముందు క్రిందిభాగమున చల్లగాలిని లోనికి తీసికొను ఫ్యాను, వెనుక పైభాగమున వేడిగాలిని వెలికి పంపు ఫ్యాను ఉండుట సరియైన పద్ధతి.

కొనుటకు ముందు మరల రంధ్రముల నడుమ దూరమును కొలువుడు. 71.5 మిల్లీమీటర్లున్నచో 80 మి.మీ. ఫ్యాను, 82.5 ఉన్నచో 92 మి.మీ. ఫ్యాను, 105 ఉన్నచో 120 మి.మీ. ఫ్యాను సరిపోవును. తావున్నంతవరకు పెద్ద ఫ్యానే మేలు. అది మెల్లగా తిరుగుచునే అంత గాలిని ఇచ్చును, చప్పుడును తక్కువ. గాలి సాధారణముగా ఊచల చట్రము గల వైపునుండి వెలుపలికి వచ్చును. త్రిప్పి బిగించినచో రెండు ఫ్యాన్లును ఒకదానితో నొకటి పోరాడును.

మూడు కాళ్ళ ఫ్యానునకు వోల్టేజిని మార్చి వేగమును మార్చుదురు. నాలుగు కాళ్ళ ఫ్యానునకు నాలుగవ తీగ ద్వారా వేగపు సంకేతము అందును. పాత మదర్‌బోర్డుపై ఒకేచోట అనేక ఫ్యాన్లను తగిలించరాదు. అచ్చటి మేర సాధారణముగా 1 ఆంపియరు మాత్రమే.

లోనికి వచ్చు గాలి వెలికి పోవు గాలికంటె కొంచెము హెచ్చుగా నుండునట్లు చేసి, ముందు ఫ్యానునకు జల్లెడ బిగించినచో నూగు సందులగుండ చొరబడదు. ఆ జల్లెడను తరచుగా దులుపవలెను. ప్రక్కరేకు తీసి బల్లఫ్యాను పెట్టు అలవాటు వేడిని తగ్గించుమాట నిజమేగాని, నూగును నేరుగా లోపల నింపును.

4. నీటి పద్ధతి

ఇందు పంపు నీటిని త్రిప్పుచుండగా, ఆ నీరు ప్రాసెసరుపైనున్న రాగి పలకలో వేడిని గ్రహించి, గొట్టములద్వారా రేడియేటరును చేరి, అచ్చట ఫ్యాను గాలికి ఆ వేడిని విడుచును. మోటారుబండిలోని యేర్పాటు ఇట్టిదే. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కుటకు సుమారు 4,200 జౌళ్ళు కావలెను. ఒక లీటరు గాలికి సుమారు 1.2 జౌళ్ళు చాలును. 95 వాట్ల ప్రాసెసరు నిమిషమునకు 5,700 జౌళ్ళ వేడినిచ్చును. నిమిషమునకు ఒక లీటరు నీరు ప్రవహించినచో ఆ నీరు పలకను దాటునపుడు ఒకటిన్నర డిగ్రీకంటె తక్కువగనే వేడెక్కును. నీటి విశిష్టోష్ణపు మహిమ యిది.

కాని తుదకు ఆ వేడిని కొనిపోవలసినది గదిలోని గాలియే. గది 40 డిగ్రీలున్నచో ఈ పద్ధతిలో నీరు అంతకంటె చల్లబడదు. రేడియేటరు రెక్కలలోను నూగు చేరును. కావున నీటిని ఆశ్రయించినంత మాత్రమున శుభ్రముచేయు పని తప్పదు.

అయినను పెట్టదలచినవారు ఈ క్రింది విషయములు గమనింతురుగాక. బిగించు రంధ్రముల దూరము పాత 775 సాకెట్టున 72 మి.మీ., 1155 సాకెట్టున 75 మి.మీ.; పరికరముతో తగిన పట్టీ వచ్చునో లేదో చూడవలెను. కర్మాగారముననే మూసి పంపిన పరికరమైనచో నీరు పోయు పని లేదు. విడిభాగములతో కూర్చుకొనునది శ్రమకును ఖర్చునకును హెచ్చు. అట్లు కూర్చునపుడు రాగిని, అల్యూమినియమును ఒకే నీటిలో కలుపరాదు, లోహము తినివేయబడును. కుళాయి నీరు పనికిరాదు. స్వేదనజలములో పాచిపట్టకుండ మందు కలిపి వాడవలెను. పంపును నీరు లేక నడుపరాదు. మొదట పంపును మాత్రమే నడిపి, కీళ్ళ క్రింద కాగితములు పరచి, ఒక దినము చెమ్మకై చూడవలెను. మరియొక సంగతి: పాత ఫ్యాను తొలగినపిదప దాని గాలి సోకుచుండిన మదర్‌బోర్డు భాగములు వేడెక్కవచ్చును, వానికి వేరొక ఫ్యాను గాలి తగులునట్లు చూడవలెను.

5. మా సలహా

పని మొదలిడకముందు బయాస్ తెరపై ప్రాసెసరు వేడిని చూచి వ్రాసికొనుడు. శుభ్రముచేసి మరల చూడుడు. పేస్టు మార్చి చూడుడు. ఫ్యాన్లు బిగించి చూడుడు. గది వేడినికూడ ప్రతిసారి ప్రక్కనే వ్రాయుడు. తగ్గిన డిగ్రీలే సత్యము పలుకును. పాఠములు చదువుకొనుటకు, తెలుగులో వ్రాసికొనుటకు వాడు యంత్రమునకు మొదటి రెండు చికిత్సలే చాలునని మా అభిప్రాయము. నీటి పరికరమునకగు సొమ్మును జ్ఞాపకశక్తి బిళ్ళకో, వేగవంతమైన ఎస్‌ఎస్‌డికో వెచ్చించుట ఎక్కువ లాభకరము. నేర్చుకొనవలెనను కోరికగల విద్యార్థి పనికిరాని యంత్రముపై, పెద్దల సమక్షమున నీటి ప్రయోగము చేయవచ్చును.

ఉష్ణవహనము, సంవహనము, విశిష్టోష్ణము అను మాటలను మన పిల్లలు తెలుగులోనే నేర్చుకొనుచున్నారు. పరభాషా ప్రాంతమున ఈ మాటలు పరీక్షకే గాని పనికి రావని కొందరు శంకింతురు. ఒక ఆదివారమున మీ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆ పెట్టెను విప్పి, ఏ మాట ఎచ్చట నున్నదో చూపుమని అడుగుడు. యంత్రము చల్లబడుటయేగాక, ఆ శంకయు తీరును.