ముగ్గు పోసే ముందు

అల్లుడికి,

సూపర్‌వైజర్ పని మానేసి హైదరాబాదులో సొంతంగా ఇళ్ల కాంట్రాక్టులు పడతానంటున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. పని నీకు వచ్చు, దాని గురించి నేను చెప్పేదేమీ లేదు. కాగితాల సంగతే రాస్తున్నాను.

"పర్మిషన్ ఓనరు పేరు మీద ఉంటుంది, మనకేం?" అంటారు మన లైన్లో చాలామంది. ఆ మాట వినకు. నోటీసు ఓనరుకే వస్తుంది, నిజమే. పని ఆగిన వారం కూడా మేస్త్రీలకు, కూలీలకు బట్వాడా చేయాల్సింది మాత్రం నువ్వే.

తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం పర్మిషన్లను తేలిక చేసింది. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాల స్థలం, 10 మీటర్ల ఎత్తు వరకు ఓనరు స్వీయ ధ్రువీకరణ మీద అప్పటికప్పుడు ఇచ్చేస్తారు. అంతకు మించితే 21 రోజుల గడువు. అసలు చిక్కు ఆ తేలికలోనే ఉంది. ముందు చూడకుండా ఇచ్చారు కాబట్టి తర్వాత వచ్చి చూస్తారు. ఓనరు రాసిచ్చింది అబద్ధమని తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం అదే చట్టంలో ఉంది. అందుకే ముగ్గు పోసే ముందు మంజూరైన ప్లాను చేతిలో పెట్టుకుని స్థలాన్ని నువ్వే టేపుతో కొలువు. రోడ్డు వెడల్పు, నాలుగు వైపులా సెట్‌బ్యాకులు చూడు. తేడా ఉంటే గుంతలు తీయించకు.

సగం పనయ్యాక ఓనరు, "పైన ఒక పెంట్‌హౌస్ వేసెయ్, వీధిలో అందరూ వేసుకున్నారు" అంటాడు. అది ప్లానులో లేనిది, సెంట్రింగ్ కొట్టకముందే కాదని చెప్పు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు గట్టి తీర్పిచ్చింది: కడుతున్నంత కాలం మంజూరైన ప్లాను సైటులో కనబడేలా పెట్టాలి, పూర్తయినట్టు సర్టిఫికెట్ చూపితేనే కరెంటు, నీళ్ల కనెక్షన్లు, బ్యాంకులు కూడా అది చూశాకే అప్పివ్వాలి. ఆ సర్టిఫికెట్ చిక్కుల్లో పడితే నీ ఆఖరి బిల్లు వస్తుందనుకోకు.

రేటు మాట్లాడేటప్పుడు జీఎస్టీ మరవకు. విడిగా ఒక్క ఇంటికి లేబర్ కాంట్రాక్టు మాత్రమే అయితే పన్ను లేదు. సామానుతో కలిపి పట్టి, ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, పన్ను 18 శాతం. ముందు చదరపు అడుగు రేటు చెప్పేసి తర్వాత పన్ను అడిగితే ఏ ఓనరూ ఇవ్వడు.

ప్రభుత్వ పనులకు క్లాసు రిజిస్ట్రేషన్ వేరే ఉంది, అది తర్వాతి సంగతి. అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మే ఆలోచన ఇప్పుడే వద్దు. స్థలం 500 చదరపు మీటర్లో, 8 ఫ్లాట్లో దాటితే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు, అప్పగించాక అయిదేళ్లు నిర్మాణ లోపాల బాధ్యత.

మొదటి అగ్రిమెంటు మీద సంతకం పెట్టేలోపు ప్లాను కాపీ నాకు వాట్సాప్‌లో పంపు. చూసి చెప్తాను.

ఇట్లు,
మీ మామయ్య