ఇరవై ఒక్క రోజుల సూది

మా చదువు కేంద్రానికి చిత్తూరు పక్క పల్లె అక్క ఒకామె వచ్చేది. ఆమె కూతురికి పదకొండేళ్లు. ఒక రాత్రి పలక పక్కన పెట్టి నన్ను అడిగింది.

"టీచరమ్మా, మా పాప బాగానే ఉండాది. ఆడుకుంటా ఉండాది. నొప్పి లేదు, జరం లేదు. అయినా మూడు వారాలకొకసారి సూది వేయించమంటారు. బాగుండే బిడ్డకు సూదెందుకు? నాకు ఒక రోజు కూలి పోతాది. బస్సు చార్జీ వేరే."

ఆమె అడిగింది న్యాయమే. ముందు ఏం జరిగిందో చూద్దాం.

అంతకు ముందు ఏడు పాపకు గొంతు నొప్పి, జరం వచ్చాయి. తల్లి మిరియాల కషాయం ఇచ్చింది. నాలుగు రోజులకు తగ్గింది. అందరూ మరచిపోయారు. మూడు వారాల తర్వాత పాప మోకాలు వాచింది. అది తగ్గి చీలమండ వాచింది. తర్వాత మోచేయి. "పెరిగే పిల్లకు నొప్పులుంటాయిలే" అన్నది అవ్వ. ఒకనాడు బోరు కాడ నుంచి బిందె తెస్తా పాప ఆయాసంతో కూర్చుండిపోయింది. అప్పుడు డాక్టరుకు చూపించారు. స్కాన్ తీసి గుండె కవాటం దెబ్బతినింది అన్నారు.

గొంతు నొప్పి గుండెకు ఎట్ల పోయింది?

గొంతు నొప్పి తెచ్చే సూక్ష్మజీవుల్లో ఒకదాని పేరు స్ట్రెప్టోకోకస్. అది గొంతులో చేరితే మన ఒంట్లోని కాపలా శక్తి దానితో పోట్లాడుతుంది. ఆ సూక్ష్మజీవికీ మన గుండెకూ కొంత పోలిక ఉంది. అందువల్ల కొందరు పిల్లల్లో కాపలా శక్తి పొరబడుతుంది. చీకట్లో దొంగ అనుకుని ఇంటి మనిషినే కొట్టినట్లు, కీళ్లనూ గుండెనూ కొడుతుంది. దీన్ని రుమాటిక్ జ్వరం అంటారు. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు వస్తుంది. కీళ్ల వాపు పూర్తిగా పోతుంది. గుండెకు తగిలిన దెబ్బ చాలామందిలో నిలిచిపోతుంది.

గుండెలో నాలుగు తలుపులు ఉన్నాయి. వాటినే కవాటాలు అంటారు. రక్తం వెనక్కి రాకుండా అవి మూసుకుంటాయి. దెబ్బతిన్న తలుపు సరిగా మూసుకోదు, లేకుంటే బిరుసెక్కి సరిగా తెరుచుకోదు. మళ్లా అలాంటి గొంతు నొప్పి వస్తే, అదే తలుపుకు మళ్లా దెబ్బ తగలొచ్చు.

ఆ సూది అందుకే. అందులో ఉండేది పెన్సిలిన్. 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దాన్ని బూజులో కనిపెట్టాడు. అవును, బూజులోనే! ఈ సూది మందు కండలో నిలిచి కొంచెం కొంచెంగా రక్తంలో కలుస్తుంది. మూడు నాలుగు వారాలకు అయిపోతుంది. చెడిన తలుపును అది బాగు చేయదు. కొత్త దెబ్బ తగలకుండా కాస్తుంది. పాప బాగుండేది చూసి సూది మానితే కాపలా లేనట్లే. ఎన్నేళ్లు వేయించాలో డాక్టరే చెప్పాలి. కొందరికి 40 ఏళ్ల వయసు దాకా వేస్తారు.

ఆడపిల్లకు ఇంకో సంగతి ఉంది. సంబంధం చెడిపోతుందని ఈ జబ్బును దాచేవాళ్లు ఉన్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ కడుపుతో ఉన్నప్పుడు గుండెకు పని పెరుగుతుంది. తలుపు ఇరుకైతే ప్రాణం మీదికి వస్తుంది. బిడ్డను కనాలనుకునే ముందే డాక్టరుకు చెప్పాలి. ఇరుకైన తలుపును కొందరికి బెలూనుతో తెరుస్తారు, కొందరికి ఆపరేషన్ చేస్తారు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి 1993 నుంచి ఉంది. 2021లో పిల్లల గుండె ఆసుపత్రి కూడా వచ్చింది.

అన్ని గొంతు నొప్పులూ ఇట్లాంటివి కావు. ముక్కు కారి, దగ్గు ఉంటే చాలావరకు మామూలు జలుబే. జరంతో, మింగలేనంత నొప్పి ఉంటే డాక్టరుకు చూపించండి. మందు ఎన్ని రోజులు ఇస్తే అన్ని రోజులూ మింగించాలి.

పెద్దవాళ్లకు వచ్చే గుండెపోటు వేరు. దానికీ సూక్ష్మజీవులే కారణమేమోనని డాక్టర్లు అనుమానించారు. వేలమందికి యాంటీబయాటిక్ ఇచ్చి చూశారు. గుండెపోట్లు తగ్గలేదని 2005లో తేలింది. కాబట్టి ఎదలో నొప్పికి మందుల అంగట్లో యాంటీబయాటిక్ కొని మింగొద్దు.

ఆ అక్క ఇంటికి పోయి క్యాలెండర్ తీసింది. సూది వేసిన తేదీ చుట్టూ గీత గీసింది. పక్కన "సూది" అని తన చేత్తోనే రాసింది. దీర్ఘం మరచిపోయి మళ్లా దిద్దిందనుకోండి, అది వేరే కథ!

లెక్క చేయండి: పాపకు జూన్ 3న సూది వేశారు. 21 రోజులు లెక్కపెట్టి తర్వాతి తేదీ రాయండి. ఆ తర్వాతి తేదీ కూడా రాయండి.